తల్లిపాలు: కవిసమయం, కూలిసమయం

మాతృభాష తల్లిపాల వంటిదనీ, పరభాష పోతపాల వంటిదనీ మన సభల్లో వినని సంవత్సరం లేదు. తెలుగు పంతుళ్లమైన మేము ఆ పోలికను వక్తృత్వపు పోటీల్లో పిల్లల చేత వల్లె వేయిస్తుంటాం కూడా. పోలికలో తప్పు లేదు. అయితే పోలికకు బాగా పనికొచ్చే వస్తువుకు ఒక ప్రమాదం ఉంది. దాన్ని ఇక ఎవరూ వస్తువుగా చూడరు. భాషకూ, దేశానికీ, నదికీ, చివరికి ప్రభుత్వ పథకాలకూ తల్లిపాలు ఉపమానమైపోయాయి. ఆ పాలు దేనితో తయారవుతాయి, ఎప్పుడు తగ్గిపోతాయి, ఎవరి బిడ్డకు ఎన్ని గంటలు అందుతాయి అనే ప్రశ్నలను సాహిత్యం వైద్యానికి వదిలేసింది. వైద్యం వాటిని పోస్టరుకు వదిలేసింది.

ఆ పోస్టరు ఏటా ఆగస్టు మొదటి వారంలో ప్రాథమిక ఆరోగ్యకేంద్రం గోడ మీదికి వస్తుంది. 1990 ఆగస్టు 1న ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో వెలువడిన ఇన్నోసెంటి ప్రకటనకు గుర్తుగా 1992 నుంచి ఆ వారాన్ని ప్రపంచ తల్లిపాల వారోత్సవంగా జరుపుతున్నారు. ముర్రుపాలు పారబోయకండి, ఆరు నెలలు తల్లిపాలే పట్టండి అని అందులో ఉంటుంది. అన్నీ నిజాలే. కానీ కర్నూలు, కడప పల్లెల్లో ఆగస్టు అంటే బుడ్డచేలల్లోనూ పత్తిచేలల్లోనూ కలుపు తీసే నెల. పోస్టరు ఎవరితో మాట్లాడుతున్నదో ఆ తల్లి పొద్దు పొడవకముందే చేనికి పోయి ఉంటుంది.

మన మెట్టసీమలో పసిబిడ్డ పాలకు వచ్చే కొరత తల్లి ప్రేమలోనో, తెలివిలోనో ఉన్నది కాదనీ, ఆమె కూలిగంటల్లోనూ ఆమె కంచంలోనూ ఉన్నదనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. దానికి ముందు పాలు ఎలా వస్తాయో కొంచెం తెలుసుకోవాలి.

పాలు కుండలో నీళ్లలాగా ముందే నిండి ఉండే సరుకు కాదు. బిడ్డ చప్పరించినప్పుడల్లా తల్లి మెదడుకు కబురు పోతుంది. అప్పుడు ప్రొలాక్టిన్ అనే హార్మోను పాలను ఊరిస్తుంది, ఆక్సిటోసిన్ అనే మరొక హార్మోను వాటిని చేపుతుంది. చేపడం అనే మాట మన రైతులకు కొత్తది కాదు. దూడను విడిస్తే గాని ఎనుము చేపదని పాలు పిండే ప్రతి మనిషికీ తెలుసు. భయం, నొప్పి, తీవ్రమైన ఆందోళన ఆ చేపును అడ్డగిస్తాయి. బిడ్డ తాగినకొద్దీ పాలు ఊరతాయి. తాగకుండా గంటల తరబడి రొమ్ము నిండి ఉండిపోతే, ఆ నిండుదనమే ఇక తయారీ తగ్గించమని లోపలి కణాలకు చెబుతుంది. ఇలా రోజూ జరిగితే కొన్ని వారాల్లో పాలు వట్టిపోతాయి. పాలు పడలేదని, దిష్టి తగిలిందని ఇంట్లోవాళ్లు అనుకునే సందర్భాల్లో చాలావాటి వెనక ఉన్నది ఈ సాదా లెక్కే. ఉదయం ఆరు గంటలకు బిడ్డను వదిలి పోయిన తల్లి మధ్యాహ్నం రెండు గంటలకు తిరిగివస్తే, ఎనిమిది గంటల పాటు ఆమె శరీరానికి బిడ్డ అక్కరలేదన్న కబురే పోయి ఉంటుంది.

ఇక ముడిసరుకు మాట. ఆరోగ్యంగా ఉన్న తల్లి రోజుకు సుమారు 700 నుంచి 800 మిల్లీలీటర్ల పాలిస్తుంది. ఇందుకోసం మొదటి ఆరు నెలల్లో ఆమె మామూలు తిండి మీద రోజుకు 600 కేలరీలు అదనంగా తినాలని భారత వైద్య పరిశోధన మండలి లెక్క. మన భాషలో చెప్పాలంటే 170, 180 గ్రాముల జొన్నపిండి, అంటే రెండు పెద్ద రొట్టెలు. ఈ రెండు రొట్టెలు లేకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవారిలో సి. గోపాలన్ ముఖ్యుడు. కూనూరులో ఉండిన పోషకాహార పరిశోధనశాల 1958 ప్రాంతంలో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. బీద తల్లుల పాల మీద గోపాలన్ చేసిన పరిశోధన వెలువడింది ఆ తొలి కాలంలోనే. వాళ్లు రోజుకు ఇచ్చే పాలు 400 నుంచి 600 మిల్లీలీటర్లు. పరిమాణం తగ్గింది గాని, పాలలోని మాంసకృత్తుల పాలు పెద్దగా తగ్గలేదు. తనకు లేకపోయినా తల్లి శరీరం బిడ్డకు ఇస్తూనే ఉంటుంది. కాల్షియం సంగతి ఇంకా విచిత్రం. తల్లి తిన్నా తినకపోయినా పాలలో అది దాదాపు తగ్గదు. ఆ మేరకు తల్లి ఎముకలు ఖర్చవుతాయి.

దీన్ని మాతృత్వపు మహిమ అని పొగిడి ఊరుకోవడం భావవాదులకు సులభం. కానీ తల్లి శరీరం దాచి పెట్టలేని లోటులు కూడా ఉన్నాయి. విటమిన్ ఏ, బి విటమిన్లు ఆమె తిండిలో లేకపోతే పాలలోనూ ఉండవు. దీనికి దూరదేశపు ఉదాహరణ అక్కరలేదు. ఒకప్పుడు సర్కారు జిల్లాల్లో బెరిబెరి పాతుకుపోయి ఉండేది. మరపట్టిన తెల్లబియ్యంలో థయమిన్ అనే బి విటమిన్ పోవడం దానికి కారణం. మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతపు శిశుమరణాల మీద ఎయిక్రాయిడ్, కృష్ణన్ అనే పరిశోధకులు 1941లో వ్యాసం ప్రకటించారు. శిశువుల బెరిబెరిలో చనిపోయేది తల్లిపాలు తాగుతున్న బిడ్డలే, ఎక్కువగా రెండో నెలకూ అయిదో నెలకూ మధ్య. తల్లి పైకి బాగానే కనిపిస్తుంది, పాలూ సమృద్ధిగానే ఉంటాయి, ఆ పాలలో ఉండవలసింది మాత్రం ఉండదు. అమృతం అనే మాట ఎంత జాగ్రత్తగా వాడాలో ఆ బిడ్డల చావులు చెబుతాయి. ఆ కాలంలో జొన్న, కొర్ర, రాగి తిన్న రాయలసీమకు బెరిబెరి ఆ రూపంలో రాకపోవడం గమనార్హం. కరువుసీమ కంచం కోస్తా కంచం కంటే ఒక విషయంలో మెరుగ్గా ఉండిందన్నమాట. ఆ కంచం తర్వాత ఏమైందో ముందు ముందు చూద్దాం.

ఇక్కడ ఒకసారి సాహిత్యం వైపు తిరగాలి. పోతన భాగవతం దశమస్కంధంలో పాలకు సంబంధించిన ఘట్టాలు రెండు ప్రసిద్ధం. పూతన విషపు పాలివ్వడం ఒకటి. దాన్ని అందరూ చెబుతారు. రెండోదాన్ని మనం వెన్నదొంగ ముచ్చటగా చదివి దాటేస్తాం. యశోద పెరుగు చిలుకుతూ ఉంటుంది. బిడ్డ వస్తే పని ఆపి పాలిస్తుంది. అంతలో పొయ్యి మీద పాలు పొంగుతాయి. కడుపు నిండని బిడ్డను దించి ఆమె పరుగెత్తుతుంది. బిడ్డకు కోపం వచ్చి కుండ పగలగొడతాడు. చివరికి రోలుకు కట్టు పడేదీ బిడ్డే. నందుని ఇంటి ఇల్లాలికే పాలిచ్చే వేళకూ పనివేళకూ పొత్తు కుదరలేదు. భక్తి పొరను కాస్త పక్కకు తీస్తే ఆ ఘట్టంలో ఉన్నది పనిచేసే తల్లి సమస్యే. కథలో కుండ పగిలింది కాబట్టి లీల అయింది.

మహాశ్వేతాదేవి స్తనదాయిని కథలో నాయిక పేరు కూడా యశోదే కావడం యాదృచ్ఛికం కాదు. కలిగినవారి ఇంట్లో దాదిగా పిల్లలకు పాలిచ్చి సంసారం నెట్టుకొచ్చిన ఆమె, చివరకు రొమ్ము కేన్సరుతో దిక్కులేక చనిపోతుంది. పాలివ్వడం శ్రమ అనీ, దానికి ధర ఉంటుందనీ, ఆ శ్రమను కూడా దోచుకోవచ్చుననీ ఇంత నిక్కచ్చిగా చెప్పిన భారతీయ కథ మరొకటి నాకు గుర్తు రాదు. మన కరువు కథల్లో ఎండిన బావి, అమ్ముడుపోయిన ఎద్దు, వలసపోయిన ఇల్లు బలంగా వచ్చాయి. ఎండిన రొమ్ము మాత్రం చాలావరకు ఒక కరుణ చిత్రంగా నిలిచిపోయింది. బావి ఎందుకు ఎండిందో విప్పి చెప్పిన చేత్తోనే దీన్నీ విప్పి చెప్పవలసి ఉండింది.

విప్పితే కనిపించేది ఏమిటి? చేనిగట్టున వేపచెట్టుకో తుమ్మచెట్టుకో చీర ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెట్టడం ఒక పద్ధతి. సాలు మధ్యలో లేచి పోతే ఒప్పుకునే ఆసామి ఉన్నచోట ఇది సాగుతుంది. గుత్తకు తీసిన పనిలో ముఠావాళ్లే ఒప్పుకోరు, ఎందుకంటే ఒకరు లేస్తే మిగతావారి కూలి తగ్గుతుంది. రెండో పద్ధతి బిడ్డను ఇంట్లో ముసలామెకో, అక్కకో అప్పగించడం. ఈ అక్క మా బడిలో ఉంటుంది. మధ్యాహ్నం గంట కొట్టగానే అన్నం పళ్లెం కూడా ముట్టకుండా ఇంటికి పరుగెత్తి, చెల్లెలిని చంకన వేసుకొని చేనికి పోయి పాలు తాపించి తెచ్చే ఆరో తరగతి పిల్లలను నేను చూస్తూనే ఉన్నాను. రెండో గంటకు కొందరు వస్తారు, కొందరు రారు. హాజరుపట్టీలో ఆ పూట గైర్హాజరు అని పడుతుంది. ఒక బిడ్డ పాలు ఇంకో బిడ్డ చదువులోంచి వస్తున్నాయని రాసే గడి అందులో లేదు.

అదే బడిలో మా సహోద్యోగినులకు ప్రసవానికి ఆరు నెలల సెలవు, పూర్తి జీతంతో ఉంది. ఉండవలసిందే, పోరాడి సాధించుకున్నదే. ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేమీ పట్టవద్దని ప్రపంచ ఆరోగ్య మహాసభ చెప్పింది 2001లో. అంతకుముందు నాలుగు నుంచి ఆరు నెలలు అనేవారు. సంఘటిత రంగంలోని స్త్రీలకు 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం 12 వారాలు ఇచ్చింది. 2017లో అది 26 వారాలైంది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ అదే 26 ఉంది. అంటే శాస్త్రం చెప్పిన ఆరు నెలలు చట్టానికి తెలుసు. ఆ చట్టం కిందికి వ్యవసాయ కూలీ రాదు. ఆమెకు ఉన్నది నగదు పథకం. ప్రతి గర్భిణికీ, బాలింతకూ 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని 2013 ఆహారభద్రతా చట్టం అన్నది. 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన మొదటి కాన్పుకు 5,000గా నిర్ణయించింది. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. భాగించి చూడండి. 17 రోజుల కూలి కూడా పూర్తిగా కాదు. పక్కన ఉన్న తమిళనాడులో ముత్తులక్ష్మిరెడ్డి పేరిట ఉన్న పథకం 18,000 ఇస్తున్నది, అదైనా రెండు నెలలకే సరి. ఆరు నెలల పాలు పట్టమని ఒక చేత్తో పోస్టరు అంటించి, రెండో చేత్తో 17 రోజుల కూలి ఇచ్చే ప్రభుత్వం తల్లికి విజ్ఞానం లేదని బాధపడుతున్నది!

ఈ ఖాళీలోకే సీసా వచ్చింది. సింగపూరులో 1939లో సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు పాలు, హత్య అనే పేరుతో ఉపన్యసించి, బీద తల్లుల చేత తల్లిపాలు మాన్పించి డబ్బాపాలు అమ్మడం హత్యతో సమానమని చెప్పింది. 1974లో వార్ ఆన్ వాంట్ అనే ఇంగ్లండు సంస్థ శిశుహంతకి అనే అర్థం వచ్చే పేరుతో చిన్న పుస్తకం వేసింది. దాన్ని జర్మన్‌లోకి మార్చి నెస్లే పేరును నేరుగా శీర్షికలో పెట్టిన స్విస్ బృందానికి 1976లో బెర్న్ కోర్టు నామమాత్రపు జరిమానా వేసింది. 1977లో అమెరికాలో బహిష్కరణ ఉద్యమం మొదలైంది. 1981 మేలో ప్రపంచ ఆరోగ్య మహాసభ డబ్బాపాల అమ్మకానికి నియమావళి తెచ్చినప్పుడు 118 దేశాలు అనుకూలంగా ఓటు వేస్తే, వ్యతిరేకించినది ఒక్క అమెరికా. మన దేశంలో 1992లో చట్టం వచ్చి, 2003లో గట్టిపడింది. డబ్బాపాలకూ సీసాలకూ ప్రకటనలు నిషిద్ధం, ఉచిత నమూనాలు నిషిద్ధం, డబ్బా మీద బిడ్డ బొమ్మ కూడా నిషిద్ధం. బొద్దుబిడ్డను గ్లాక్సో బేబీ అనడం మాత్రం మన నోటికి మిగిలిపోయింది.

సీసాలోని ప్రమాదం పొడిలో కంటే లెక్కలో ఎక్కువ. మొదటి ఆరు నెలలు పూర్తిగా డబ్బాపాల మీద పెంచాలంటే సుమారు 20 కేజీల పొడి కావాలి. కూలిడబ్బులతో అది కొనలేక, ఒక డబ్బాను వారానికి బదులు మూడు వారాలు లాగుతారు. పొడి తగ్గి నీళ్లు పెరుగుతాయి. ఆ నీళ్లు ట్యాంకరు నీళ్లో, ఎండాకాలపు బోరునీళ్లో. సీసా మరగబెట్టడానికి కట్టెలు వేరే. బిడ్డకు విరేచనాలు, బరువు తగ్గడం, తిరిగి విరేచనాలు. మంత్రగాడి దగ్గరికి పోతే పక్షిదోషం అంటాడు.

బిడ్డ బరువు తగ్గిందో లేదో చెప్పే పటం చరిత్ర కూడా ఆసక్తికరమైనదే. 1970ల చివరినుంచి ప్రపంచమంతా వాడమని సిఫారసు చేసిన ఎదుగుదల పటం అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు పిల్లల కొలతల మీద గీసినది. వాళ్లలో ఎక్కువమంది పోతపాల మీద పెరిగినవారు. మూడు, నాలుగు నెలలు దాటాక పోతపాల బిడ్డ తల్లిపాల బిడ్డ కంటే ఎక్కువ బరువెక్కుతాడు. ఆ గీత పక్కన పెట్టి చూస్తే తల్లిపాలతో హాయిగా పెరుగుతున్న బిడ్డ కూడా వెనకబడ్డట్టు కనిపిస్తాడు. అప్పుడు ఆరోగ్య కార్యకర్త పైపాలు పట్టమని సలహా ఇస్తుంది. పటం కూడా పాలడబ్బాకు దళారీ పని చేసిందన్నమాట, ఎవరూ కుట్ర చేయకుండానే.

దీన్ని సరిదిద్దడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 వరకు బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో సుమారు 8,500 మంది పిల్లలను కొలిచి 2006లో కొత్త ప్రమాణాలు ప్రకటించింది. అందరూ తల్లిపాలు తాగినవారు, తిండికి లోటు లేని ఇళ్లవారు. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలను తీసుకున్నారు. తేలిందేమిటంటే, పిల్లల పొడవులో కనిపించిన తేడాల్లో దేశానికీ దేశానికీ మధ్య ఉన్నది నూటికి 3 పాళ్లే. సీమ పిల్లలు పుట్టుకతోనే పొట్టివాళ్లు, బక్కవాళ్లు, వంశం అలాంటిది అనే మాటకు ఇక శాస్త్రంలో చోటు లేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగిన ఎత్తు లేనివారు. నాలుగేళ్ల ముందు సర్వేలోనూ దాదాపు అంతే.

అదే సర్వేలో ఇంకొక అంకె ఉంది. మన రాష్ట్రంలో ఆరు నెలల లోపు బిడ్డల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది తల్లిపాలు మాత్రమే తాగుతున్నారు. ఇన్ని అడ్డంకుల మధ్య తల్లులు సాధించినది ఇది. మరి ఎత్తు ఎక్కడ పోతున్నది? కొంత గర్భంలోనే పోతుంది, రక్తహీనురాలైన తల్లికి తక్కువ బరువుతో పుట్టడం వల్ల. ఎక్కువ భాగం ఆరో నెలకూ రెండో ఏడుకూ మధ్య పోతుంది. ఆరో నెల దాటేసరికి పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము నిల్వలు అయిపోతాయి, పాలు ఒక్కటే చాలవు. ఏడాది లోపు బిడ్డకు శక్తిలో సగం, రెండో ఏట మూడో వంతు పాలనుంచి రావచ్చు. మిగతాది కంచంలోంచి రావాలి. దేశం మొత్తం మీద ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో చాలినంత తిండి అందినవారు నూటికి 11 మందే. బిడ్డ కడుపు చిన్నది. పలచటి గంజితో అది నిండిపోతుంది గాని, బలం రాదు. కొంచెంలోనే ఎక్కువ బలం ఉండే నూనె, పప్పు, గుడ్డు, వేరుశనగ కావాలి.

వేరుశనగ! కర్నూలులో బుడ్డలు, కడపలో చెనక్కాయలు అనే ఈ పంట మన నేలను ఎంత ఆక్రమించిందో చెప్పనక్కరలేదు. జాతీయ పోషకాహార సంస్థ పసిపిల్లల కోసం తయారుచేసిన హైదరాబాదు మిక్స్‌లో గోధుమ, శనగపప్పు, బెల్లంతో పాటు వేరుశనగ ఉంది. 1960ల్లో ప్రపంచమంతా పిల్లలకు మాంసకృత్తుల కొరత అని గోలపెడుతుంటే, అసలు కొరత మొత్తం తిండిదేనని ముందుగా నిలబడి చెప్పినవారిలో ఈ సంస్థ శాస్త్రవేత్తలున్నారు. ఆ తిండిలోకి పోవలసిన కాయ మిల్లుకు పోయింది, మిల్లునుంచి నగరాలకూ, ఓడలకూ పోయింది. చెనక్కాయ కోసం కొర్ర, జొన్న, రాగి తప్పుకున్నాయి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకాన్ని తక్కువ చేయనక్కరలేదు. అయినా సంగటిముద్ద పోయి అన్నం మిగిలిన కంచంలో ఏమి తగ్గిందో చూడాలి. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, మరపట్టిన బియ్యంలో 10 దాటదు. తల్లి ఎముకలోంచి పాలలోకి పోతున్నది ఇదేనని పైన చెప్పుకున్నాం.

పనిచోట పిల్లలను చూసుకోవడం అసాధ్యమైన కోరికేమీ కాదు. 2005 ఉపాధి హామీ చట్టంలోనే, పనిస్థలానికి ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురో అంతకంటే ఎక్కువో వస్తే, వాళ్లను చూడటానికి ఒక స్త్రీని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని రాసి పెట్టారు. ఖర్చు పనిస్థలానికి ఒక్క కూలి. ఆసామి చేనికీ, గుత్తపనికీ అలాంటి నియమం లేదు.

వలసకు అసలే లేదు. కోసిగి, మంత్రాలయం, ఆదోని, పత్తికొండ పల్లెలనుంచి ఏటా చలికాలంలో కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి పోతాయి, గుంటూరు మిరపచేలకు. చంటిబిడ్డ కూడా మూటాముల్లెతో పాటు లారీ ఎక్కుతుంది. మిరపకాయ కోసిన చేత్తో రొమ్మిస్తే బిడ్డ నోరు మండుతుందని తల్లులు చీర చెంగుతో పదే పదే తుడుచుకుంటారు. కడుక్కోవడానికి నీళ్లు గట్టున ఉండవు. అంగన్‌వాడీ పేర్లను ఒక ఊరినుంచి ఇంకో ఊరికి మార్చుకునే వీలు ఇప్పుడు పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో ఉంది. మార్చుకోవడానికి అవతలి చేనిగట్టున అంగన్‌వాడీ ఉండాలి కదా. బిడ్డకు రావలసిన పిండి పొట్లానికి బాలామృతం అని పేరు. కోసిగిలో తూకం వేసిన బిడ్డ తిరిగి తక్కెడ ఎక్కేది ఉగాది ప్రాంతంలో తల్లిదండ్రులు ఊరు చేరాకనే. ఆరో నెలలో పోయిన బిడ్డకు అప్పటికి పదో నెల వస్తుంది.